గడ్డి కోసే మిషన్‌లో అరిగిన డ్రైవ్ పార్టులు: పాత మిషన్ విప్పి పనికొచ్చేవి వాడుకోవడం ఎలా

ఇంజన్ గట్టిగా అరుస్తుంది, బ్లేడు మాత్రం గడ్డి తగలగానే ఆగిపోతుంది. బ్రష్ కట్టర్, అంటే పొడవాటి పైపు చివర బ్లేడుండే ఈ గడ్డి కోసే మిషన్, రిపేర్‌కి వచ్చినప్పుడు తరచూ వినపడే మాట ఇదే. ఇంజన్‌కీ బ్లేడుకీ మధ్య క్లచ్ షూలు (ఇంజన్ వేగం పెరిగితే బయటికి జరిగి డ్రమ్‌ని పట్టుకునే ముక్కలు), వాటి చుట్టూ గిన్నెలా ఉండే క్లచ్ డ్రమ్, దాని బేరింగు, పొడవాటి షాఫ్ట్, ఆ షాఫ్ట్‌ని పైపులో నిలబెట్టే బుష్‌లు, చివర్న బ్లేడుని తిప్పే గేర్ల డబ్బా, అంటే గేర్ హెడ్ ఉంటాయి. ఇదంతా కలిపి డ్రైవ్. వీటిలో ఏది పోయినా బయటికి కనపడే లక్షణం దాదాపు ఒకటే.

ఈ పార్టులన్నీ కొత్తవే కొనక్కర్లేదు. మన దగ్గర ఎక్కువగా తిరిగే 43 సీసీ, 52 సీసీ టూ స్ట్రోక్ మిషన్లు మూలన పడేది చాలావరకు ఇంజన్ పట్టేయడం వల్లే. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోల్ పోసి తోలితే పిస్టన్ గీతలు పడి సీజ్ అవుతుంది. 35 సీసీ ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజనాయిల్ చూసుకోక పోతుంది. రెండిట్లోనూ ఇంజన్ చచ్చేసరికి పైపు, షాఫ్ట్, గేర్ హెడ్ సగం కూడా అరిగి ఉండవు. పాత సామాన్ల దుకాణంలోనో, రిపేర్ షాపు వెనకనో అలాంటి మిషన్ దొరికితే ఇంజన్ మీద ఆశ పెట్టుకోకుండా డ్రైవ్ కోసమే తీసుకోవచ్చు. నదురుగా ఉన్న పెయింటుని నమ్మి తెచ్చుకుంటే మాత్రం సగం పార్టులు కలవవు. కొలతలు చూసే తీసుకోవాలి.

ముందు జబ్బేదో తేల్చండి

ప్లగ్ క్యాప్ పీకి పక్కకి కట్టేయండి. బ్లేడు తీసేయండి. బ్లేడు నట్టు లెఫ్ట్ థ్రెడ్, గడియారం ముళ్ళు తిరిగే వైపుకి తిప్పితేనే వదులవుతుంది. ఈ సంగతి మర్చిపోయి పొడవాటి పానాతో బిగించే వైపుకే లాగి గేర్ హెడ్ షాఫ్ట్ మర పాడుచేసుకున్నవాళ్ళు తక్కువేం కాదు. గేర్ హెడ్ పక్కనున్న రంధ్రంలో అలెన్ కీ దూర్చి షాఫ్ట్ కదలకుండా పట్టుకుని విప్పాలి.

తర్వాత ఇంజన్‌ని క్లచ్ హౌసింగ్ నుంచి విడదీయండి. మామూలుగా నాలుగు అలెన్ బోల్టులు ఉంటాయి. ఇప్పుడు డ్రమ్ కంటికి కనపడుతుంది. గేర్ హెడ్ కింది షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో డ్రమ్‌ని పట్టుకోండి.

డ్రమ్ కదలకపోయినా కింది షాఫ్ట్ గిర్రున తిరిగితే షాఫ్ట్ పళ్ళో, గేర్ పళ్ళో పోయినట్టు. గేర్ హెడ్ ఊడదీసి షాఫ్ట్‌ని ప్లయర్‌తో పట్టి తిప్పితే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది. రెండూ గట్టిగా కలిసే తిరుగుతుంటే షాఫ్ట్ వైపు బాగున్నట్టే, జారేది క్లచ్. తిప్పుతుంటే గరగరమంటే బేరింగు. డ్రమ్‌ని అటూ ఇటూ ఊపితే కొట్టుకుంటే కూడా బేరింగే, లేదా బేరింగు కూర్చునే గుంట అరిగింది.

స్లోలో (యాక్సిలేటర్ వదిలేసి) ఉండగానే బ్లేడు తిరుగుతోందంటే నేరుగా షూలని లోపలికి లాగి ఉంచే క్లచ్ స్ప్రింగు మీదికి పోకండి. ముందు కార్బొరేటర్ స్లో స్క్రూ తగ్గించి చూడండి. క్లచ్ పట్టుకునేది ఇంచుమించు నిమిషానికి 4,000 చుట్ల దగ్గర, స్లో స్పీడు ఉండాల్సింది 3,000 చుట్టుపక్కల. స్లో ఎక్కువ పెట్టుకుని క్లచ్‌ని తిట్టుకోవడం మామూలే. తగ్గించినా బ్లేడు తిరుగుతుంటేనే స్ప్రింగు సాగిందనో తెగిందనో అనుకోవాలి.

పాత మిషన్ దగ్గర తీసుకోవాల్సిన కొలతలు

ఒక వెర్నియర్ కాలిపర్, టేపు, ఫోన్ కెమెరా పట్టుకెళ్ళండి. బ్రాండు పేరు పట్టించుకోనక్కర్లేదు. ఒకే కంపెనీ రెండేళ్ళలో రెండు రకాల పైపులు వేస్తుంది, వేరే కంపెనీలవి అచ్చంగా కలిసిపోతాయి.

పైపు బయటి వ్యాసం సాధారణంగా 26 లేక 28 మి.మీ. ఉంటుంది. కంటితో చూస్తే తేడా తెలియదు, వెర్నియర్‌తోనే కొలవాలి. 26 మి.మీ. పైపుని 28 మి.మీ. గేర్ హెడ్‌లో డబ్బా రేకు చుట్టి బిగించేవాళ్ళున్నారు. అది గంటలోపే తిరగడం మొదలుపెడుతుంది, గేర్ హెడ్ చెవులు పగులుతాయి.

షాఫ్ట్ చివర పళ్ళు లెక్కపెట్టండి. 7, 9 పళ్ళవి ఎక్కువ. రెండు చివర్లూ విడివిడిగా లెక్కపెట్టాలి, కొన్నిటికి ఒక చివర పళ్ళ బదులు నాలుగు పలకల కొస ఉంటుంది. షాఫ్ట్ మందం, మొత్తం పొడవు రాసుకోండి. డ్రమ్ లోపలి వ్యాసం ఈ సైజు మిషన్లలో ఎక్కువగా 78 మి.మీ., చిన్న 26 సీసీ తరహా వాటిలో 54 మి.మీ. క్లచ్ షూల రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం కూడా కావాలి. ఇక గేర్ హెడ్ కింద బ్లేడు కూర్చునే గట్టు వ్యాసం. మన దగ్గర దొరికే బ్లేడుల రంధ్రం చాలావరకు 25.4 మి.మీ. పాత మిషన్ గేర్ హెడ్‌కి 20 మి.మీ. గట్టు ఉంటే బ్లేడు పక్కకి జరిగి కూర్చుంటుంది. అప్పుడు వణుకు మాట అటుంచి, బ్లేడు ఊడి ఎగిరే ప్రమాదమే ఉంది.

ఏవి వాడొచ్చు, ఏవి వద్దు

పైపు, షాఫ్ట్, బుష్‌లు మూడూ కలిపి ఒకే సెట్‌గా తీసుకుంటే చాలా మేలు. గేర్ హెడ్ విప్పకుండా మొత్తంగా తీసుకోవాలి. క్లచ్ హౌసింగ్, పగుళ్ళు లేని డ్రమ్, జతగా ఉన్న షూలు, సర్క్లిప్‌లు (బేరింగుని గాడిలో నిలిపే స్ప్రింగు రింగులు), గార్డు బ్రాకెట్, హ్యాండిల్ క్లాంపులు ధైర్యంగా వాడొచ్చు.

బేరింగులు, ఆయిల్ సీళ్ళు, బ్లేడు నట్టు, బ్లేడు పాతవి వేయకండి. క్లచ్ హౌసింగ్‌లో తరచూ కనిపించే 6202 బేరింగు మన సీలింగ్ ఫ్యాన్లలో వేసేదే, సైజు 15×35×11 మి.మీ. ఏ మోటార్ వైండింగ్ షాపులోనైనా దొరుకుతుంది. అలాగని పాత ఫ్యాన్ విప్పి అందులోది తీసి వేయడం దండగ. ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది, ఇక్కడ డ్రమ్ ఏడెనిమిది వేలు తిరుగుతుంది. ఫ్యాన్‌లో నిశ్శబ్దంగా ఉన్న బేరింగు ఇక్కడ మొదటి రోజే కూతపెట్టొచ్చు. కొత్తది, రెండు వైపులా రబ్బరు సీలున్నది, అంటే నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడగండి. నంబరు మాత్రం మీ మిషన్‌లోంచి తీసిన బేరింగు మీద చదివాకే కొనండి. కొన్ని హౌసింగుల్లో 6002 వస్తుంది. దానిదీ లోపలి రంధ్రం 15 మి.మీ.నే గానీ బయటి వ్యాసం 32, మందం 9.

క్లచ్ పని

షూలు విప్పాలంటే అవి బిగించి ఉన్న ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం) తిరగకుండా ఆపాలి. స్క్రూడ్రైవర్ ఫ్లైవీల్ మీది ఫ్యాన్ రెక్కల మధ్య దూర్చొద్దు, రెక్క విరిగితే ఇంజన్‌కి గాలి తగ్గి వేడెక్కుతుంది. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు లోపలికి పంపండి, పిస్టన్ దానికి తగిలి ఆగుతుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకొచ్చి సైలెన్సర్ వైపు రంధ్రం మూసుకున్నాకే తాడు పంపాలి, లేకపోతే తాడు ఆ రంధ్రంలో ఇరుక్కుని తెగుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి నెట్టే స్ట్రోకు చూసుకుని పంపాలి. రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు కాకపోతే వాల్వు వంగుతుంది. తాడు కొస బయట ఉంచుకోవడం మరవొద్దు.

బోల్టులు విప్పే ముందు ఫోటో తీయండి. షూ పైన ఏ వాషర్, కింద ఏ వాషర్, వంకర వాషర్ ఎటు పక్క ఉంది, షూ ఏ వైపు చూస్తోంది అన్నీ కనపడాలి. షూని తిరగేసి బిగిస్తే క్లచ్ ఒక్కసారిగా గుంజుకుని పట్టొచ్చు, లేదా అసలు పట్టకపోవచ్చు. కొన్ని షూల మీద బాణం గుర్తు ఉంటుంది. వంకర వాషర్ పోగొట్టుకుంటే షూ బోల్టు మీద ఊగిసలాడి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరుగుతుంది.

పాత మిషన్ షూలు పనికొస్తాయో లేదో ఇలా చూడండి. స్ప్రింగుతో ముడుచుకుని ఉన్న జత బయటి వ్యాసాన్ని రెండు మూడు చోట్ల కొలవండి. 78 మి.మీ. డ్రమ్‌కి ఈ వ్యాసం 76 దగ్గర ఉంటే బాగున్నట్టు. 74కి దిగితే వదిలేయండి. లైనింగు (షూ మీద డ్రమ్‌ని రాసుకునే పొర) ఎక్కడైనా 1 మి.మీ. కన్నా పల్చబడినా, అంచు ఊడి లేచినా అంతే. షూ అరిగేకొద్దీ డ్రమ్‌ని తాకడానికి ఇంకా దూరం జరగాలి, అంటే స్ప్రింగుని ఇంకా సాగదీయాలి. అందుకే అరిగిన క్లచ్ ఆలస్యంగా పడుతుంది, జారుతుంది, కాలుతుంది, ఇంకా వేగంగా అరుగుతుంది. ఒక షూ పాతది, ఒకటి వేరే మిషన్‌ది వేస్తే బరువు తేడాతో ఇంజన్ బేరింగు మీద దెబ్బ పడుతుంది. ఎప్పుడూ జతే మార్చాలి.

స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో వెలుతురు కనపడితే అది సాగింది. స్ప్రింగు వదులైతే స్లోలోనే బ్లేడు తిరుగుతుంది. సాగిన స్ప్రింగుని రెండు చుట్లు కోసి కొక్కెం వంచి వేసే అలవాటొకటుంది. అది మరీ బిగువై క్లచ్ చాలా ఎక్కువ స్పీడులో గానీ పట్టదు, పట్టేలోపే షూ కాలుతుంది. స్ప్రింగు కొత్తదే కొనండి.

డ్రమ్ లోపలి గోడ చూడండి. అద్దంలా మెరిస్తే 180 నంబరు ఎమరీ పేపర్‌తో అడ్డంగా, నిలువుగా రుద్ది మెరుపు పోగొట్టండి, తర్వాత థిన్నర్‌తో తుడవండి. డీజిల్ వాడొద్దు, జిడ్డు మిగులుతుంది. గోడ నీలం తిరిగి ఉంటే బాగా కాలిన డ్రమ్. వ్యాసం మూడు చోట్ల ఒకేలా ఉండి పగుళ్ళు లేకపోతే వాడొచ్చు గానీ, మనసుకి నచ్చే పార్టు కాదు. మధ్య బొడ్డు చుట్టూ వెంట్రుకంత పగులున్నా పడేయండి, వెల్డింగ్ చేయించకండి. అంత వేగంలో విరిగితే ముక్కలు హౌసింగ్ చీల్చుకుని వస్తాయి. షూల బూడిదని గాలి కొట్టి ఊదకుండా తడి గుడ్డతో తుడిచేయండి.

షూలు ఆయిల్‌తో తడిసి ఉంటే ఆగండి. ఫ్లైవీల్ వెనక క్రాంక్ సీల్ (ఇంజన్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ని ఆపే రింగు) కారుతోందేమో చూడాలి. కారే సీల్ మార్చకుండా ఎన్ని మంచి షూలు వేసినా నాలుగు రోజులే.

ఇంకో సంగతి. పత్తిలోనో తోటలోనో కలుపు తీయడానికి బ్రష్ కట్టర్‌కి వీడర్ అటాచ్‌మెంట్ తగిలిస్తారు. గట్టి నేలలో, సగం యాక్సిలేటర్‌తో దాన్ని తోలితే క్లచ్ పూర్తిగా పట్టకుండా జారుతూనే ఉంటుంది. అలాంటి మిషన్‌కి క్లచ్ మార్చినంత మాత్రాన రోగం కుదరదు. తడి ఆరీ ఆరని నేలలో, ఫుల్ యాక్సిలేటర్‌తో, తక్కువ లోతుగా రెండు సార్లు తోలాలి.

డ్రమ్ బేరింగు

సర్క్లిప్ ప్లయర్‌తో సర్క్లిప్ తీసి, అల్యూమినియం హౌసింగ్‌ని మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచండి. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి బేరింగు చిన్న దెబ్బకే జారుతుంది. హౌసింగ్‌కి కొత్తది ఎక్కించేటప్పుడు బేరింగు బయటి రింగు మీదే, సరిపోయే సాకెట్ పెట్టి కొట్టాలి. డ్రమ్ షాఫ్ట్ దూర్చేటప్పుడు లోపలి రింగుకి ఆసరా ఇవ్వాలి. ఇది తారుమారైతే దెబ్బంతా గుండ్ల మీద పడి కొత్త బేరింగు మొదటి రోజు నుంచే గరగరమంటుంది.

బేరింగు హౌసింగ్‌లోకి వేలితో నొక్కితేనే జారిపోతుంటే గుంట అరిగింది. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు చేయడం వారానికి మించి నిలవదు. పాత మిషన్ హౌసింగ్ అక్కరకొచ్చేది ఇక్కడే, మొత్తం మార్చేయండి.

షాఫ్ట్, పైపు

షాఫ్ట్ పళ్ళు పైన చదునుగా ఉండాలి. సూదిమొనలా తేలితే పని అయిపోయింది. గాజు పలక మీదో, గ్రానైట్ బండ మీదో దొర్లించండి, మధ్యలో లేచి పడుతుంటే వంగింది. వంగినదాన్ని సుత్తితో సరిచేసి వాడకండి, ఆ వణుకు బుష్‌లను తినేస్తుంది.

రెండు చివర్లా పళ్ళు ఒకటే అయితే షాఫ్ట్‌ని అటుదిటు తిప్పి వేస్తారు. పళ్ళకి కొత్త ముఖం దొరుకుతుందనుకుంటారు గానీ దొరకదు. గేర్ వైపు షాఫ్ట్ తోస్తుంది, డ్రమ్ వైపు షాఫ్ట్‌ని డ్రమ్ తోస్తుంది. అందుకని చివర్లు మార్చినా అరిగిన ముఖమే మళ్ళీ భారం మోస్తుంది. గేర్ వైపు బాగా అరిగి డ్రమ్ వైపు బాగుంటే పంట పని పూర్తయ్యేదాకా నెట్టుకురావడానికి పనికొస్తుంది, అంతే. షాఫ్ట్‌ని డ్రమ్‌కి వెల్డింగ్ పెట్టించడం మాత్రం వద్దు. వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది, మధ్యరేఖ తప్పుతుంది, మళ్ళీ ఎప్పుడూ విప్పలేరు.

పొడవు విషయంలో జాగ్రత్త. షాఫ్ట్‌ని డ్రమ్‌లో పూర్తిగా కూర్చోబెట్టి, పైపు చివర నుంచి ఎంత బయటికొచ్చిందో కొలవండి. గేర్ హెడ్‌లో పైపు ఆనే గట్టు నుంచి పళ్ళ రంధ్రం అడుగు దాకా లోతు కొలవండి. మొదటిది రెండోదాని కంటే 2, 3 మి.మీ. తక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే బోల్టులు బిగించగానే షాఫ్ట్ గేర్‌ని నెట్టి బేరింగుల్ని చంపుతుంది. మరీ తక్కువుంటే పళ్ళ కొసలే పట్టుకుని నాలుగు రోజుల్లో గీకేసుకుంటాయి. పొడవెక్కువైన షాఫ్ట్‌ని కోయాలనుకోకండి, పళ్ళు ఉండేది కొసల్లోనే. పైపు, షాఫ్ట్ ఒకే మిషన్‌వి తీసుకోమన్నది ఇందుకే.

బుష్‌లు పైపులో సమాన దూరాల్లో ఉండాలి. టార్చి వేసి చూడండి. ఒకటి జారి పక్కదానికి ఆనుకుంటే ఖాళీ పడిన చోట షాఫ్ట్ విల్లులా వంగి పైపుకి కొట్టుకుంటుంది. పాత గ్రీజు, మట్టి తుడిచి, షాఫ్ట్‌కి లిథియం గ్రీజు పల్చగా రాసి తిప్పుతూ దూర్చండి. క్లాంపు దగ్గర నొక్కుకుపోయిన పైపు, చీలిక వచ్చిన పైపు వద్దు.

గేర్ హెడ్

రెండు క్లాంపు బోల్టులు వదులు చేస్తే చాలదు. పైనో పక్కనో ఉండే చిన్న స్క్రూ పైపు రంధ్రంలోకి దిగి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయాలి. అది చూడకుండా సుత్తితో కొడితే హెడ్ పగులుతుంది.

గ్రీజు బోల్టు విప్పి పుల్లతో కొంచెం గ్రీజు తీసి వేళ్ళ మధ్య నలపండి. మెరుపు రజను కనపడితే పళ్ళు రాలుతున్నాయి. తెల్లగా పాలలా ఉంటే నీళ్ళు చేరాయి, వరి మళ్ళలో తిరిగిన మిషన్లలో ఇది ఎక్కువ. ఆ రెండూ లేక, చేత్తో తిప్పితే మెత్తగా తిరిగి, కింది షాఫ్ట్ పక్కకి ఊగకపోతే ఆ హెడ్ తీసుకోవచ్చు.

ఒక్క గేర్ మాత్రం పాతదాంట్లోంచి తీసి మీ హెడ్‌లో వేయకండి. రెండు బెవెల్ గేర్లు (తిరుగుడుని మూల తిప్పే ఏటవాలు పళ్ళ గేర్లు) కలిసి అరిగి ఒకదానికొకటి కుదురుకుని ఉంటాయి. పైగా హెడ్‌ని బట్టి పళ్ళ లెక్క, గేర్ల మధ్య దూరం మారతాయి. కంటికి ఒకేలా ఉన్నా కలవవు.

ఈపీ2 లిథియం గ్రీజుతో హెడ్ లోపలి ఖాళీలో మూడింట రెండు వంతులు నింపండి. షాఫ్ట్ తిప్పుతూ కొంచెం కొంచెంగా ఎక్కించాలి. నిండా కూరితే వేడెక్కి సీల్‌ని తోసుకుని బయటికొస్తుంది.

బిగించి చూడటం

గేర్ హెడ్‌ని గార్డుతో, హ్యాండిల్‌తో వరసలో నిలిపి ముందు చిన్న స్క్రూ, తర్వాత క్లాంపు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఇంజన్ కలిపే ముందు డ్రమ్‌ని వేలితో తిప్పితే కింది షాఫ్ట్ ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. ఒకచోట బిగిసి మరోచోట వదులైతే షాఫ్ట్ వంగిందో, పొడవు ఎక్కువైందో చూడండి.

బ్లేడు లేకుండానే స్టార్ట్ చేసి రెండు నిమిషాలు స్లోలో ఉంచండి. కింది షాఫ్ట్ తిరగకూడదు. మెల్లగా యాక్సిలేటర్ ఇవ్వండి, ఎక్కడ పట్టుకుంటుందో చెవికి తెలుస్తుంది. ఆపి, బ్లేడు, గార్డు, కొత్త నట్టు వేసి పల్చటి గడ్డిలో పది నిమిషాలు కోయండి. మళ్ళీ ఆపి గేర్ హెడ్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, చేయి ఆనించలేనంత కాలుతుంటే గ్రీజు ఎక్కువైంది, లేదా షాఫ్ట్ నెడుతోంది. క్లచ్ హౌసింగ్ దగ్గర కాలిన వాసన వస్తే షూ జారుతోంది.

మొదటి ట్యాంకు అయిపోగానే క్లాంపు బోల్టులు, హౌసింగ్ బోల్టులు, బ్లేడు నట్టు ఇంకోసారి బిగించండి. గేర్ హెడ్‌లో గ్రీజుని 20, 25 గంటల పనికోసారి చూడండి, నీళ్ళలో కోసిన రోజైతే ఆ సాయంత్రమే.